పాత ప్లేస్టేషన్-2లో అనధికార సాఫ్ట్‌వేర్

వీడియో గేమ్ యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ అనుమతి లేని ప్రోగ్రాములు కూడా అందులో నడిచేలా మార్చుకోవడాన్ని అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కించడం అంటారు. వాడుకలో 'చిప్ వేయించడం', 'జైల్‌బ్రేక్', 'క్రాక్' అనే మాటలు వినిపిస్తాయి. ఇలాంటి మార్పులు విస్తృతంగా జరిగిన పాత యంత్రాల్లో సోనీ వారి ప్లేస్టేషన్-2 (పీఎస్-2) ముఖ్యమైనది. 2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైన ఈ యంత్రం, 2013 జనవరిలో తయారీ ఆగిపోయేనాటికి ప్రపంచమంతటా 15 కోట్ల 50 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. భారతదేశంలోనే పూర్తిగా తయారైన మొదటి పీఎస్-2 ఆట హైదరాబాదులో పుట్టింది కాబట్టి తెలుగువారికి ఈ యంత్రంతో దగ్గరి చుట్టరికమే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి తీరప్రాంతంలో పాత పీఎస్-2 ఇప్పటికీ పనిచేయాలంటే ఈ అనధికార సాఫ్ట్‌వేరే చాలాసార్లు ఆధారం. ఆ పద్ధతులు, వాటి హద్దులు, చట్టం చెప్పేది, తెలుగు నేల మీద తయారైన ఆటలను కాపాడుకోవడంలో వాటి పాత్ర ఈ వ్యాసంలో విషయాలు.

నేపథ్యం

మన దేశంలో ఆట యంత్రాలు చాలాకాలం ఖరీదైన వస్తువులు. 1995లో షా వాలెస్ సంస్థ సెగా మెగా డ్రైవ్‌ను ఇక్కడ అమ్మకానికి తెచ్చినప్పుడు దాని ధర రూ. 18,000. అప్పట్లో ఇలాంటి యంత్రాల మీద దిగుమతి సుంకం 80 శాతం ఉండేది. మధ్యతరగతి ఇళ్లకు అందినవి నింటెండో యంత్రానికి నకళ్లుగా వచ్చిన 8-బిట్ 'టీవీ గేములు'. ఒకే క్యాసెట్‌లో వందల ఆటలున్నాయని అట్టపెట్టె మీద రాసి ఉండేది. ఆ క్యాసెట్లలో ఎక్కువ భాగం అనుమతి లేని కాపీలే. అసలైన ఆటకు సరసమైన ధర, దగ్గర్లో దుకాణం రెండూ లేనిచోట కాపీ ఆట అలవాటుగా మారిపోయింది. పీఎస్-2 ఈ నేపథ్యంలోనే మన పట్టణాలకు చేరింది.

యంత్రం చేరిన దారిని బట్టి చిక్కులు కూడా మారేవి. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన పాత పెద్ద పీఎస్-2 అక్కడి 120 వోల్టుల కరెంటుకు చేసినది. దాన్ని నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా, అమెరికా యంత్రం ఇక్కడ కొన్న, మన టీవీ పద్ధతి అయిన 'పాల్'కు చేసిన డిస్కును ఒప్పుకోదు. గల్ఫ్ నుంచి వచ్చిన యంత్రానికి కరెంటు చిక్కు లేకపోయినా, డీవీడీ సినిమాల విషయంలో ఆ ప్రాంతం 2వ రీజియన్, భారతదేశం 5వ రీజియన్. డబ్బు పెట్టి కొన్న డిస్కు సొంత యంత్రంలోనే ఆడకపోవడం చాలామందిని అనధికార సాఫ్ట్‌వేర్ వైపు నడిపిన మొదటి కారణం.

యంత్రంలోని తాళాలు

పీఎస్-2 గుండెకాయ 'ఎమోషన్ ఇంజిన్' అనే ప్రాసెసర్. దాని వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్, తోడుగా 32 మెగాబైట్ల ర్యామ్ ఉంటుంది. దానితోపాటు మొదటి ప్లేస్టేషన్‌లోని ప్రాసెసర్‌ను కూడా సోనీ ఇందులో అమర్చింది. అందుకే పాత ప్లేస్టేషన్ డిస్కులూ ఇందులో ఆడతాయి.

తాళాలు ప్రధానంగా మూడు. మొదటిది డిస్కు పరీక్ష: ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కు మీద మామూలు బర్నర్ రాయలేని గుర్తు ఉంటుంది, అది కనిపించకపోతే యంత్రం ఆటను నడపదు. రెండోది ప్రాంత పరీక్ష. మూడోది 'మ్యాజిక్‌గేట్' అనే గూఢలిపి. 8 మెగాబైట్ల మెమరీ కార్డు మీదున్న ప్రోగ్రాములు నడవాలంటే ఈ ముద్ర ఉండి తీరాలి.

తలుపులు పూర్తిగా మూసేయాలని సోనీ కూడా అనుకోలేదు. 2000లో ఐరోపాలో అమ్మిన యంత్రాలతో ఇచ్చిన నమూనా డిస్కులో 'యాబేసిక్' అనే ప్రోగ్రామింగ్ భాష ఉండేది. 2002లో 40 గిగాబైట్ల హార్డ్ డిస్కు, కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ అడాప్టర్‌తో సహా పీఎస్-2 లినక్స్ కిట్‌ను సోనీయే అమ్మింది. ఆట యంత్రంలో సొంతంగా ప్రోగ్రాములు రాసుకోవచ్చన్న ఆలోచనకు తొలి ప్రోత్సాహం కంపెనీ నుంచే వచ్చింది.

మాడ్‌చిప్‌లు

తొలి పద్ధతి మాడ్‌చిప్. యంత్రం విప్పి, మదర్‌బోర్డు మీద సన్నని తీగలతో ఒక చిన్న చిప్‌ను టంకం వేస్తారు. డిస్కు పరీక్ష జరిగే క్షణంలో ఆ చిప్ 'అసలుదే' అన్న సంకేతం పంపుతుంది. మ్యాట్రిక్స్ ఇన్ఫినిటీ, మాడ్‌బో వంటి చిప్‌లు భారతీయ మార్కెట్లో బాగా చలామణీ అయ్యాయి. టంకం పనిలో నేర్పు లేకపోతే బోర్డు పాడవుతుంది. నాసిరకం వైరింగు వల్ల లెన్స్ త్వరగా పోయిన యంత్రాలూ ఉన్నాయి. దుకాణాల్లో చిప్ వేయించిన యంత్రాలు ఎక్కువగా కాపీ డిస్కులకే వాడుకలోకి వచ్చాయి. 'చిప్' అన్న మాటకు పైరసీ మచ్చ అంటింది అప్పుడే.

మెమరీ కార్డు దారి

యంత్రాన్ని విప్పకుండా చేసే పద్ధతి 2003లో 'ఇండిపెండెన్స్' పేరుతో వచ్చింది. పాత ప్లేస్టేషన్ ఆట డిస్కు పెట్టినప్పుడు, పీఎస్-2 ఆ ఆట పేరును మెమరీ కార్డులోని ఒక ఫైల్‌లో వెతుకుతుంది. ఆ ఫైల్‌ను కావాలని పరిమితి మించి నింపితే, యంత్రం తడబడి అందులోని ప్రోగ్రామును నడుపుతుంది.

2008లో వచ్చిన 'ఫ్రీ ఎంసీబూట్' ఈ పనిని అందరికీ సులువు చేసింది. దాని కిటుకు యంత్రం పుట్టుకలోనే ఉంది. జపాన్‌లో అమ్మిన మొట్టమొదటి పీఎస్-2లలో డీవీడీ సినిమా ప్లేయర్ ప్రోగ్రాము మెమరీ కార్డు నుంచి నడిచేది. అందుకోసం యంత్రం ఆన్ కాగానే కార్డు మీద సోనీ నవీకరణ ఏదైనా ఉందా అని చూసే అలవాటును సోనీ పెట్టింది. తరవాతి మోడళ్లలోనూ ఆ అలవాటు పోలేదు. ఫ్రీ ఎంసీబూట్ సరిగ్గా ఆ స్థలంలో కూర్చుంటుంది. పవర్ బటన్ నొక్కాక మామూలుగా వచ్చే మెనూలోనే అదనంగా కొన్ని వరుసలు కనిపిస్తాయి. కార్డు తీసేస్తే యంత్రం ఎప్పటిలాగే, ఏ మార్పూ లేకుండా మొదలవుతుంది. లోపల దేన్నీ శాశ్వతంగా మార్చదు కాబట్టి పాత యంత్రానికి ఇది సురక్షితమైన దారి.

ఈ ఫైళ్లకు వేసే మ్యాజిక్‌గేట్ ముద్ర ఆ ఒక్క కార్డుకే చెల్లుతుంది. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు, ప్రతి కార్డుకూ ఇన్‌స్టాలర్‌ను విడిగా నడపాల్సిందే. ముద్ర సరిగ్గా పడని నకిలీ కార్డులు మొరాయిస్తాయి. హార్డ్ డిస్కు అమర్చే వీలున్న పెద్ద మోడళ్లకు ఇదే పనిని ఆ హార్డ్ డిస్కు మీద నుంచి చేసే 'ఫ్రీ హెచ్‌డీ బూట్' ఉంది.

స్టిక్కర్ మీది తేదీ గుర్తు

ఫ్రీ ఎంసీబూట్ అన్ని యంత్రాలకూ పనికిరాదు. యంత్రాన్ని తిరగేస్తే అడుగున స్టిక్కర్ మీద మోడల్ సంఖ్య, తేదీ గుర్తు కనిపిస్తాయి. తేదీ గుర్తులో అంకె సంవత్సరానికి, అక్షరం ఆ ఏడాదిలోని త్రైమాసికానికి సూచన. '8సీ' అంటే 2008 మూడో త్రైమాసికం. ఎస్‌సీపీహెచ్-90000 తరగతిలో 8సీ నుంచి వచ్చిన యంత్రాల్లో మెమరీ కార్డు నవీకరణ తలుపును సోనీ మూసేసింది.

మన పట్టణాలకు ఇది సొంత సమస్య. ధరలు తగ్గాక, అంటే చివరి సంవత్సరాల్లో పీఎస్-2 కొన్నవారి దగ్గర ఉన్నది ఎక్కువగా ఈ ఆఖరి తరగతి యంత్రమే. వాళ్లకు చాలాకాలం మాడ్‌చిప్ తప్ప వేరే దారి దొరకలేదు.

2020 జూన్‌లో సీటర్ట్ అనే మారుపేరు గల పరిశోధకుడు 'ఫ్రీ డీవీడీ బూట్'ను వెలుగులోకి తెచ్చాడు. సినిమా డీవీడీలో మెనూ వివరాలుండే ఐఎఫ్ఓ ఫైళ్లను చదివేటప్పుడు యంత్రం వాటి పరిమాణాన్ని సరిగా సరిచూసుకోదు. ఆ లోపాన్ని ఆసరా చేసుకుని, మామూలు ఖాళీ డీవీడీ మీద రాసిన డిస్కు నుంచే ప్రోగ్రాము మొదలవుతుంది. చిప్ అక్కర్లేదు, ప్రత్యేక కార్డు అక్కర్లేదు. మెమరీ కార్డులోని ఐకాన్ బొమ్మను చదివేటప్పుడు జరిగే పొరపాటును వాడుకునే 'ఫార్చునా', 'ఓపెన్‌ట్యూనా' పద్ధతులు కూడా ఈ ఆఖరి మోడళ్లకు దారి చూపాయి. లెన్స్ బలహీనపడిన యంత్రం రాసిన డీవీడీని చదవలేదు కాబట్టి, డీవీడీ దారిని ఒక్కసారి వాడుకుని వెంటనే మెమరీ కార్డు పద్ధతికి మారడం మంచిది.

ముఖ్యమైన ప్రోగ్రాములు

దారి తెరుచుకున్నాక మొదట కావలసింది ఫైళ్లను చూపే ప్రోగ్రాము. ఆ పని 'యూలాంచ్ఎల్ఫ్' చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను మెమరీ కార్డుకు, కార్డులోని ఆట సేవ్‌లను పెన్‌డ్రైవ్‌కు మార్చుకోవచ్చు. పదిహేనేళ్ల కిందటి సేవ్‌లు కార్డుతో సహా పోకుండా నిలుపుకోవడానికి ఇది ఉపయోగం.

'ఓపెన్ పీఎస్-2 లోడర్' (ఓపీఎల్) ఆట డిస్కు నుంచి తీసిన ఇమేజ్‌ను, అంటే డిస్కులోని సమాచారమంతటికీ ఫైల్ రూపంలో చేసిన నకలును, పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్కు, ఇంటి నెట్‌వర్క్‌లలో దేని నుంచైనా నడుపుతుంది. 'సింపుల్ మీడియా సిస్టమ్' సినిమా ఫైళ్లను టీవీలో చూపిస్తుంది. పాత 8-బిట్, 16-బిట్ యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్లూ ఉన్నాయి. వీటికి వెన్నెముక 'పీఎస్-2 ఎస్‌డీకే' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. సోనీ ఇచ్చే ఖరీదైన అభివృద్ధి పరికరాలు లేకుండానే సి భాషలో పీఎస్-2 ప్రోగ్రాములు రాయడానికి స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు దీన్ని తయారుచేశారు.

వేగం లెక్కలు

పెన్‌డ్రైవ్‌తో ఆడితే కొన్ని ఆటల్లో వీడియో దృశ్యాలు ఆగి ఆగి వస్తాయి. పీఎస్-2లో ఉన్నది యూఎస్‌బీ 1.1. దాని గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, అంటే 1.5 మెగాబైట్లు మించదు. యంత్రంలోని డీవీడీ డ్రైవ్ మాత్రం సెకనుకు 5 మెగాబైట్లకు పైగా చదవగలదు. ఆ వేగాన్ని నమ్ముకుని తయారైన ఆట పెన్‌డ్రైవ్ మీద తడబడటం సహజం. ఎంత ఖరీదైన పెన్‌డ్రైవ్ కొన్నా ఈ తేడా పోదు.

తరవాత వచ్చిన సన్న మోడళ్లలో ఉన్న 100 మెగాబిట్ల నెట్‌వర్క్ పోర్టు ఇంతకంటే నయం. పెద్ద మోడళ్లలో హార్డ్ డిస్కు అన్నిటికన్నా మేలు. మెమరీ కార్డు అరలో ఎస్‌డీ కార్డును పెట్టుకునే చిన్న అడాప్టర్లు ఇటీవలి మార్గం.

తీరప్రాంతంలో యంత్రం బతుకు

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఉప్పుగాలి, తేమ ఎలక్ట్రానిక్ వస్తువులకు పడవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుల్లో కరెంటు వ్యవస్థ కుప్పకూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సరఫరా తిరిగి వచ్చే వేళ వోల్టేజీ ఎగుడుదిగుడులు పాత యంత్రాలకు పెద్ద గండం. సన్న మోడళ్లలో 90000కు ముందువాటికి 8.5 వోల్టుల అడాప్టర్ బయట ఉంటుంది, కాలిపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. 90000 తరగతిలో పవర్ సప్లయి లోపలే ఉంది కాబట్టి ప్లగ్గు తీసి ఉంచడమే రక్ష.

యంత్రంలో ముందు అలిసిపోయేది లెన్స్. 'డిస్క్ రీడ్ ఎర్రర్' అన్న మాట తెర మీద రావడం దానికి తొలి హెచ్చరిక. మొదట లెన్స్ మీద దుమ్మును మెత్తని పొడి దూదితో తుడవాలి. లెన్స్‌ను ముందుకూ వెనక్కూ నడిపే పట్టాల మీద పాత గ్రీజు ఎండి జిగురైతే తీసేసి కొత్తది పలుచగా రాయాలి. లేజర్ బలాన్ని పెంచే చిన్న మరను తిప్పమని చాలామంది సలహా ఇస్తారు. దానివల్ల కొన్నాళ్లు చదివినా, లేజర్ ఆయుష్షు ఇంకా వేగంగా తగ్గిపోతుంది. లోపలి గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే గడియారం తప్పుతుంది. అది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

కొత్త లెన్స్ అరుదైపోయిన ఈ రోజుల్లో, మంచి స్థితిలో ఉన్న యంత్రానికి కూడా అనధికార సాఫ్ట్‌వేర్ అవసరం పడుతోంది. సొంత డిస్కులోని ఆటను ఇమేజ్‌గా తీసుకుని హార్డ్ డిస్కు నుంచి ఆడితే లెన్స్‌కు పని తగ్గుతుంది, డిస్కు గీతలు పడకుండా ఉంటుంది.

చట్టం

భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. దానికి 2012లో చేసిన సవరణ 65ఎ సెక్షన్‌ను చేర్చింది. హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను తప్పించినవారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం చేసిన మార్పుకు ఆ సెక్షన్ వర్తించదు. ఇతరుల కోసం ఆ పని చేసిపెట్టే వ్యక్తి మాత్రం, చేయించుకున్నవారి పేరు, చిరునామా, ఏ ప్రయోజనం కోసం అన్న వివరాలతో పూర్తి రికార్డు ఉంచాలని చట్టం చెబుతోంది. మరమ్మతు దుకాణదారులు తప్పక తెలుసుకోవలసిన నిబంధన ఇది.

చట్టబద్ధంగా కంప్యూటర్ ప్రోగ్రాము కాపీని పొందిన వ్యక్తి, అది పోతే పనికివచ్చేలా అదనపు కాపీ చేసుకోవడానికి 52వ సెక్షన్ అవకాశం ఇచ్చింది. పైరసీ ఆటలను పంచడం, అమ్మడం 63వ సెక్షన్ కింద నేరం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల జరిమానా. అక్రమ కాపీ అని తెలిసి ప్రోగ్రామును వాడటం 63బి సెక్షన్ కింద విడి నేరం. సొంతంగా రాసిన ప్రోగ్రామును యంత్రంలో నడపడానికీ, ఇంకొకరి ఆటను కాపీ చేసి అమ్మడానికీ మధ్య గీత ఇక్కడే ఉంది.

ఇతర దేశాలు, ఇతర యంత్రాలు

ఈ గీత గురించి చాలా దేశాల్లో వాదాలు నడిచాయి. 2005 అక్టోబరులో ఆస్ట్రేలియా హైకోర్టు, ప్లేస్టేషన్ మాడ్‌చిప్‌లు అమ్మిన వ్యక్తికి అనుకూలంగా తీర్పిచ్చింది. తరవాత ఆ దేశం చట్టాన్నే మార్చింది. అమెరికాలో 2021 అక్టోబరులో ఆట యంత్రాల డిస్కు డ్రైవ్ మరమ్మతు కోసం రక్షణను తప్పించడానికి పరిమితమైన మినహాయింపు ఇచ్చారు. డ్రైవ్ చెడిపోవడమే అసలు సమస్య అని అక్కడి చట్టం కూడా ఒప్పుకున్నట్టయింది.

అనధికార సాఫ్ట్‌వేర్ నుంచి మేలు జరిగిన ఉదాహరణలు తక్కువేమీ కాదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం 2002లో ఔత్సాహికులు రాసిన సినిమా ప్లేయరే పెరిగి, 2014లో 'కోడి' అన్న పేరు పెట్టుకుని నేటి స్మార్ట్ టీవీల్లో నడుస్తోంది. కంపెనీ అధికారికంగా ఇచ్చిన వీలు మాత్రం ఎప్పటికీ ఉంటుందన్న భరోసా లేదు. ప్లేస్టేషన్-3లో లినక్స్ పెట్టుకునే వీలును సోనీ మొదట ఇచ్చింది. అమెరికా వైమానిక దళం 1,760 ప్లేస్టేషన్-3లను కలిపి ఒక సూపర్‌కంప్యూటర్‌నే కట్టింది. 2010 ఏప్రిల్ 1న సోనీ ఒక నవీకరణతో ఆ వీలును తీసేసింది. సొంతదారు చేతిలోని యంత్రం నుంచి ఒక సదుపాయాన్ని కంపెనీ వెనక్కి తీసుకోవచ్చా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది.

హైదరాబాదు ఆటలు

'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో విడుదలైంది. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ దీన్ని తయారుచేయగా సోనీ ప్రచురించింది. భారతదేశంలో పూర్తిగా రూపొందిన మొదటి పీఎస్-2 ఆటగా దీనికి పేరుంది. దేవుణ్ణి ఆటగాడి చేతిలో బొమ్మను చేశారంటూ కొన్ని హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' తెచ్చింది. కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు అందులో ఆటలు. మన వీధి ఆటలను ప్లేస్టేషన్ తెర మీదికి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. 2013లో, యంత్రం తయారీ ఆగిపోయాక, అదే సంస్థ చేసిన 'డాన్ 2' ఆట పీఎస్-2కు వచ్చింది.

ఈ ఆటలకు పెద్ద గుర్తింపు రాకపోవచ్చు. తెలుగు నేల మీద ఆటల తయారీ ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే మాత్రం ఇవే మొదటి ఆధారాలు. ఇవి డిస్కు రూపంలో వచ్చాయి, డిస్కులు గీతలు పడతాయి, వాటిని చదివే లెన్స్‌లు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. అసలు డిస్కు ఉన్నవారు దాని ఇమేజ్‌ను తీసి పెట్టుకోవడం, దాన్ని అసలు యంత్రంలో నడిపి చూడగలగడం ఈ అనధికార సాఫ్ట్‌వేర్ వల్లే సాధ్యం. ఫ్యాక్టరీ మానేసిన యంత్రానికి కంపెనీ ఇక చేసేదేమీ లేదు, కాపాడే బాధ్యత వాడినవారి మీదే పడింది.

తెలుగు లిపి, చదువు

పీఎస్-2 సొంత మెనూలో జపనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, డచ్, పోర్చుగీసు భాషలున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఓపీఎల్ మెనూలోని మాటలను వేరే భాషలోకి మార్చే ఫైళ్లను ఎవరైనా తయారుచేసుకోవచ్చు. తెలుగుకు చిక్కు లిపి దగ్గర వస్తుంది. ఒత్తులు, గుణింతాలు తమ స్థానాల్లో సరిగ్గా కూర్చోవాలంటే అక్షరాలను కలిపి అమర్చే ప్రత్యేక ప్రోగ్రాము ఉండాలి. అక్షరాలను వరుసగా పేర్చే సాధారణ పద్ధతి తెలుగుకు చాలదు. హైదరాబాదు కేంద్రంగా 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తూ తెలుగు లినక్స్‌ను తీర్చిదిద్దిన 'స్వేచ్ఛ' సంస్థ అనుభవం ఇలాంటి పనికి పనికొస్తుంది.

పీఎస్-2 ప్రాసెసర్ ఎంఐపీఎస్ కుటుంబానికి చెందినది. కంప్యూటర్ నిర్మాణం పాఠాల్లో విద్యార్థులు చదివేది చాలాచోట్ల ఈ కుటుంబాన్నే. విజయనగరంలోని జేఎన్‌టీయూ-గురజాడ, ఎచ్చెర్ల ఆర్‌జీయూకేటీ, రాజాం జీఎంఆర్ఐటీ వంటి సంస్థల విద్యార్థులకు పాత పీఎస్-2 చవకైన ప్రయోగశాల కాగలదు. 32 మెగాబైట్లలో ఒదిగే ప్రోగ్రాము రాసినవారికి కంప్యూటర్ మెమరీని పొదుపుగా వాడటం పుస్తకంలో కంటే బాగా అర్థమవుతుంది.

వాడుకదారులకు సూచన

అటక మీద పడి ఉన్న పీఎస్-2ను పాతసామాన్ల వాడికి ఇచ్చేముందు ఒకసారి తిరగేసి స్టిక్కర్ చూడండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలో వీడియో గేములు కూడా ఉన్నాయి కాబట్టి, పూర్తిగా పాడైనదాన్ని చెత్తకుప్పలో వేయకూడదు, గుర్తింపు పొందిన సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. పనిచేసే యంత్రాన్ని దగ్గర్లోని ఇంజనీరింగ్ కళాశాలకు ఇచ్చినా మేలే. ఇంట్లో 'హనుమాన్' గానీ 'దేశీ అడ్డా' గానీ అసలు డిస్కు ఉంటే, దాని ఇమేజ్‌ను ఈ ఏడాదే తీసి భద్రం చేయండి. కాపీ ఆటల వ్యాపారానికి ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడేవారి వల్ల దీనికి చెడ్డపేరు వచ్చింది. కొన్న ఆటను నిలుపుకోవడానికి, యంత్రాన్ని బాగుచేసుకోవడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి వాడినంతకాలం ఇది గౌరవించదగ్గ విద్యే.